బావి కథ చెప్పే ఇల్లు

"ఈసారి బావి కథకి అన్నెస్ట్‌ని రమ్మని కబురు పెట్టానమ్మా," అన్నాడు కొట్టు పారీ, బార్లీ గింజలు తూస్తూ.

మోర్విద్ సంచీ నోరు తెరిచి పట్టుకుని ఉంది. గింజలన్నీ జారి, చప్పుడు ఆగాక తల ఎత్తింది.

"ఏ అన్నెస్ట్?"

"ఎంతమంది ఉన్నారేమిటి? మీ ఆడపడుచే. శనివారం మధ్యాహ్నం బస్సుకి రెక్సమ్ పట్నం నుంచి వస్తుంది. మీ ఆయన ఇద్వల్ చూస్తే పోయాడు, మీకు పిల్లలు లేకపోయారు. ఇక ఆ ఇంట్లో పుట్టిన మనిషి ఆవిడే కదా."

కుమ్‌హెలిగ్‌లో రాయికీ రప్పకీ కథ ఉంది, ప్రతి కథకీ ఒక ఇల్లుంది. ఊరి మొదట్లో రెండుగా చీలిన బండ, రాక్షసి తన చెప్పులోంచి దులుపుకున్న గులకరాయి. అది పారీ వాళ్ళింటి కథ. వంతెన కథ, బస్సు నడిపే గ్విలిమ్ వాళ్ళది. కట్టిన మేస్త్రీని అన్నం పెట్టకుండా పంపేశారని, ఏటా దాంట్లోంచి ఒక రాయి ఏట్లోకి రాలుతుంది. బావి పెన్‌ఫన్నోన్ వాళ్ళది, అంటే మోర్విద్ మెట్టినింటిది. మార్చి మొదట్లో సెయింట్ డేవిడ్ పండుగ విందు నాడు, చాపెల్ అనే చిన్న చర్చి వెనక హాల్లో ఊరంతా కూర్చుని కౌల్ అనే గొర్రెమాంసం పులుసు తాగాక ఎవరి కథ వాళ్ళు లేచి చెబుతారు. ఒకరిది మరొకరు చెప్పరు. విందులో తప్ప ఇంట్లో కూర్చుని కూడా చెప్పరు.

"నేను చెబుతాను," అంది మోర్విద్.

అంటానని ఆమె కూడా అనుకోలేదు. పారీ త్రాసు పళ్ళెం చేత్తో పట్టుకుని అలాగే చూశాడు.

"నువ్వా?"

"ఇప్పుడా ఇంట్లో ఉండేది నేనే కదా పారీ గారూ. ఆ బావి నీళ్ళు తోడేదీ నేనే."

"తోడటం వేరు, చెప్పడం వేరు. నువ్వు నాంట్‌గ్లాస్ పిల్లవి." కొండ దాటి ఈ ఊరి కోడలై, జుట్టు నెరిసి, మొగుణ్ణి ఈ మట్టిలోనే పెట్టినా పారీకి ఆమె నాంట్‌గ్లాస్ పిల్లే. "అవన్నీ తర్వాత. ముందు బావి మూత వేసొచ్చావా లేదా?"

కొట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళు నవ్వారు. అలవాటు కొద్దీ మోర్విద్ కూడా నవ్వింది. కాపురానికొచ్చిన వారం నుంచీ వింటున్న మాట అది. కథలో పరాయి ఊరి కోడలు బావి మీద రాతిమూత పెట్టడం మరిచిపోతుంది. తెల్లారేసరికి ఇల్లూ పొలమూ మునిగిపోతాయి. కొండ భుజం మీద ఉన్న సరస్సు అలా పుట్టిందే; ఆ ఇంటివాళ్ళు కిందికి దిగి మళ్ళీ తవ్వుకున్నదే ఇప్పటి బావి. ఇక పెన్‌ఫన్నోన్‌కి సరస్సు అవతలి ఊరి నుంచే కోడలొస్తే జనం ఊరుకుంటారా?

"వేసే వచ్చాను లెండి," అంది. "కథ సంగతి మేం వదినా మరదళ్ళం తేల్చుకుంటాం."

"తేల్చుకోండి, నాదేం పోయింది. కథ పూర్తిగా వచ్చు కదా నీకు?"

"వాళ్ళాయన నోట్లోంచి ఇన్నేళ్ళు విన్న మనిషినా అడగడం?" అంది కొట్లో ఉన్న ఒకావిడ.

"రాకుండా ఎలా ఉంటుంది," అంది మోర్విద్, సంచీ మూతి ముడేస్తూ.

కథ ఆమెకు పూర్తిగా రాదు.

ఇంటికి పోయే ఎత్తురోడ్డు మీద ఆ మాట ఆమెకి అడుగడుగునా గుచ్చుకుంది. మొదలు వచ్చు. మొదలు ఊళ్ళో పసిపిల్లలకి కూడా వచ్చు. కోడలు కావిడి దించింది, చుక్కలు చూసింది, లోపలికి పోయింది, మూత అలాగే ఉండిపోయింది, నీళ్ళు గడప దాటాయి. ఆ తర్వాత ఏమయిందో ఆమెకి తెలియదు.

విందు రోజున వంటగది బయటి ఊళ్ళ కోడళ్ళది. ఎవరూ పెట్టిన నియమం కాదు. కథలు ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళవి, వాళ్ళు వింటారు. బయటి నుంచి వచ్చిన ఆడవాళ్ళకి వాటితో పనేముంది, వాళ్ళు గిన్నెలు కడిగి టీ కాస్తారు. వంటగదికీ హాలుకీ మధ్య గోడలో ఒక చెక్క తలుపుల కిటికీ ఉంది. కప్పుల చప్పుడికి కథ చెడుతుందని కథలు మొదలవగానే దాన్ని మూసేస్తారు. చప్పట్లు వినిపిస్తే తెరిచి, కప్పులు అందించాలి. అందరి కథల్లోకీ ఆఖరుది బావి కథ. అది సగంలో పడేసరికి పెద్ద నీళ్ళ డేకిసా మరగడం మొదలవుతుంది, మూత టకటకలాడుతుంది, పాలు కాగుతుంటాయి. ఇన్నేళ్ళూ మోర్విద్ విన్నది కథ కాదు. చెక్క తలుపుల అవతల మొగుడి గొంతు. పైకి లేచేది, కిందికి దిగేది, ఎక్కడో ఒకచోట పూర్తిగా ఆగేది. ఆగినప్పుడు హాలంతా ఊపిరి బిగబట్టినట్టుండేది. ఇంట్లో నాలుగు మాటలు మాట్లాడితే గొప్పనిపించే మనిషి అంతసేపు ఏం చెప్పేవాడో.

ఒకసారి అడిగింది. ఉన్ని కత్తిరించే కాలం, ఆయన వెన్నుకి ఆమె నూనె రాస్తోంది. "ఆఖర్న ఏమవుతుంది?" అంది. "బయటికొచ్చి అందరితో కూర్చో, తెలుస్తుంది," అన్నాడు.

"మరి టీ ఎవరు కాస్తారు?"

"ఒక్కరోజు కాయకపోతే ఏం మునుగుతుంది?" అని, తన మాటకి తనే నవ్వాడు. ఆమె కూడా నవ్వింది కానీ మార్చి వచ్చేసరికి మళ్ళీ కప్పులు తుడుస్తూ వంటగదిలోనే ఉంది. తర్వాతి ఏడు చూద్దాంలే అనుకుంది. కిందటి మార్చిలోనూ అలాగే అనుకుంది.

గురువారం పొద్దున పొలంలో గొర్రె ఒకటి చచ్చిన పిల్లని ఈనింది. పొయ్యి పక్క పెట్టెలో రెండు రోజులుగా తల్లిలేని పిల్లొకటి సీసా పాలు తాగుతోంది. మోర్విద్ కొట్టంలో మోకాళ్ళ మీద కూర్చుని చచ్చిన పిల్ల తోలు వలిచింది. ఇది ఎప్పుడూ ఇద్వల్ చేసే పని. కాళ్ళ దగ్గర గుండ్రంగా కోసి, చొక్కా విప్పినట్టు ఒక్క లాగులో తీసేవాడు. ఆమెకి నాలుగు లాగులు పట్టాయి. పచ్చి తోలుని తల్లిలేని పిల్లకి తొడిగి, కాళ్ళు కంతల్లోంచి దూర్చింది. సొంతపిల్ల వాసనేనా అని గొర్రె మూతి పెట్టి చూసింది. తోకకింద మళ్ళీ చూసింది. కాలితో ఒకసారి తన్ని, తర్వాత నిలబడి పాలివ్వసాగింది.

"నమ్మేసిందే!" అన్నాడు బస్సు గ్విలిమ్, కొట్టం తలుపు మీద మోచేతులు ఆన్చి. లీకు అనే లావుపాటి ఉల్లికాడల మోపు కింద పెట్టాడు. విందుకి వాళ్ళ తోటవే వాడతారు. "నాలుగు రోజులు పోతే తోలు తీసేయొచ్చు. అప్పటికి దాని సొంతబిడ్డే అయిపోతుంది."

"గొర్రె నయం," అంది మోర్విద్. "మీ ఊరికి నాలుగు రోజులు చాల్లేదు."

గ్విలిమ్ గట్టిగా నవ్వాడు. "పారీ మాటలు పట్టించుకుంటావేంటక్కా. నువ్వే చెప్పు కథ. నేను ముందు వరసలో కూర్చుంటా."

చేతులు గడ్డికి తుడుచుకుంటూ, మామూలుగా అడిగినట్టు అడిగింది. "నీకు అందులో ఏ చోటు ఇష్టం?"

"ఎవరికైనా ఆఖరే."

"ఏదీ చెప్పు. ఇన్నేళ్ళూ నిద్రపోయావో విన్నావో చూద్దాం."

గ్విలిమ్ మెడ ఎర్రబడింది. లావుపాటి మనిషి, బస్సు నిండా జనాన్ని కేకలేసి కూర్చోబెట్టేవాడు, టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. "నీ ముందా? నీకు నేను చెప్పడమేంటక్కా, బాగుండదు. అది ఆయన నోటితో వినాల్సిందే." టోపీ పెట్టుకుని, "మాకందరికీ తెలుసులే," అని గబగబా వెళ్ళిపోయాడు.

ఏం తెలుసు? ఊరందరికీ తెలిసి తనకి తెలియనిది ఏముంది అందులో? ఆ రోజంతా ఆమె కథని పనుల మీద చెప్పుకుంది. బంగాళాదుంపలు ఏరుతూ చెప్పింది, బకెట్లు మోస్తూ చెప్పింది. నీళ్ళు గడప దాటేదాకా వచ్చేది. అక్కడ ఆగిపోయేది. ఆయనలా కాదు. ఆయన ఆగితే తర్వాత ఏదో ఉండేది.

శుక్రవారం చాపెల్ వంటగదిలో రొట్టెలు కాల్చే కైన్వెన్‌తో కలిసి గొర్రెమెడ ముక్కలు ఉడకబెట్టింది. ముందురోజు ఉడికించి చల్లారబెడితే కొవ్వు పైన తెల్లగా గడ్డకడుతుంది. అది తీసేసి మర్నాడు దుంపలూ లీకులూ వేస్తే అదీ పులుసంటే. కైన్వెన్ సముద్రపు ఒడ్డు ఊరి మనిషి. ఇద్దరూ కోడళ్ళయిన ఏటి నుంచీ ఈ వంటగదిలో ఒకే తువ్వాలు రెండు కొసలతో కప్పులు తుడుస్తున్నారు.

"కైన్వెన్, వంతెన కథ ఆఖరేంటి?"

"ఏ వంతెన?"

"మీ ఇంటి పక్కదే. ఎంత అమాయకంగా అడుగుతున్నావు!"

కైన్వెన్ స్వీడ్ దుంప చెక్కు తీస్తూ ఆలోచించింది. "మేస్త్రీకి అన్నం పెట్టలేదు. ఆ తర్వాత..." కత్తి ఆగింది. "ఆ తర్వాత మనం ఇక్కడ రొట్టెకి వెన్న రాస్తుంటాం."

ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. కైన్వెన్‌కి ముందు నవ్వొచ్చింది, దుంప చేతిలోంచి జారి నేలమీద దొర్లింది. మోర్విద్ కూడా కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. నవ్వు అయిపోయాక కళ్ళనీళ్ళు ఆగలేదు.

"అయ్యో," అంది కైన్వెన్. "నీకు బావిది తెలీదా?"

మోర్విద్ తల అడ్డంగా ఊపింది. "చెబుతానని పారీతో అనేశాను. నాకు చెప్పాలని కాదే. ఆయన గొంతు... ఇంట్లో రేడియో పెట్టుకున్నా, గాలి కొట్టినా, చెవి దాన్నే వెతుకుతోంది. ఆ కథ నా నోటితో చెబితే అందులో ఎక్కడో కాస్త దొరుకుతాడేమో అనుకున్నాను."

కైన్వెన్ పొయ్యి మంట తగ్గించింది. దుంపని కడిగి మళ్ళీ చెక్కు తీయసాగింది.

శనివారం అన్నెస్ట్ మంచి కోటు వేసుకుని, చిన్న తోలుపెట్టెతో బస్సు దిగింది. ఇంటికి నడిచినంతసేపూ వదినా మరదళ్ళు వర్షం గురించీ, మోకాళ్ళ గురించీ మాట్లాడుకున్నారు. పెరట్లోకి రాగానే అన్నెస్ట్ పెట్టె కింద పెట్టి, తిన్నగా బావి దగ్గరికి పోయి రాతిమూత మీద అరచెయ్యి ఆన్చింది.

"వదినా, నువ్వు చెబుతానన్నావట. పారీ చెప్పాడు."

"అన్నాను."

"నేను ఇవ్వను," అంది అన్నెస్ట్. తగువాడుతున్నట్టు లేదు గొంతు. "చిన్నప్పుడు ఈ మూత మీద కూర్చుని కోళ్ళకి చెప్పేదాన్ని. ఒక్క మాట పోకుండా వచ్చు నాకు. ఆడపిల్ల ఎక్కడ చెబుతుందే అని నాన్న నా చెయ్యి పట్టి దింపేసి, అన్నయ్యకి నేర్పాడు. వాడికేమో నోరు లేచేది కాదు. నేను గోడ చాటున నిలబడి అందించేదాన్ని. పెళ్ళయి పోయాక, వాడు చెప్పడం మొదలుపెట్టాక, ఒక్క ఏడు కూడా నేను విందుకి రాలేదు. కడుపుమంట అనుకో. ఇప్పుడు వాడి బదులు పిలిచారు. వాడు పోతే గానీ పిలవలేదు."

మోర్విద్‌కి చెప్పాల్సిన మాటలు చాలా ఉన్నాయి. పొద్దుటి నుంచి కూడగట్టుకుంది కూడా. "ఏదీ చెప్పు," అని మాత్రం అంది.

అన్నెస్ట్ కోటు గుండీలు విప్పింది. గొంతు సవరించుకుని, ఎడమచెయ్యి నడుం మీద పెట్టి మొదలుపెట్టింది. "సరస్సు లేని రోజుల్లో ఈ కొండ భుజం మీద ఒక ఇల్లుండేది..."

మోర్విద్ బావి గట్టు మీద కూర్చుండిపోయింది. గొంతు ఆడమనిషిదే. కానీ లేచే చోట లేచింది, దిగే చోట దిగింది. చెక్క తలుపుల అవతల విన్న ఆ ఎత్తుపల్లాలే. కోడలు కావిడి దించిన చోట అన్నెస్ట్ కుడిచెయ్యి అరచేతిని కిందికి నెమ్మదిగా వాల్చింది. ఇద్వల్ గొర్రెపిల్లని నేలమీద దింపేటప్పుడు అచ్చం అలాగే వాల్చేవాడు.

"చాలు," అంది మోర్విద్. "మిగతాది అక్కడ వింటాను. కథ నీదే, నువ్వే చెప్పు."

అన్నెస్ట్ నమ్మలేనట్టు చూసింది. "నిజంగానా? మళ్ళీ అందరి ముందూ కాదంటే..."

"లోపలికి పద. టీ తాగుదువుగాని."

సాయంత్రం పులుసు గిన్నెలు ఖాళీ అయ్యాయి. చెక్క గరిటెలు కడిగారు. కథలు మొదలవుతున్నాయని పారీ చేత్తో బల్ల మీద కొట్టాడు. కైన్వెన్ కిటికీ తలుపులు మూయబోతుంటే మోర్విద్ ఏప్రన్ విప్పి మేకుకి తగిలించింది.

"ఎక్కడికే?"

"బయట కూర్చుంటా. నువ్వూ రా."

"టీ?"

"చల్లారితే చల్లారుతుంది."

"పారీ చంపుతాడు," అంది కైన్వెన్. అంటూనే తడి చేతులు గౌనుకి తుడుచుకుని వెనకాలే వచ్చింది. రెండో వరసలో జనం జరిగి చోటిచ్చారు. కొందరు వెనక్కి తిరిగి చూశారు. ఇదేమిటి ఇవాళ అని ఎవరో గొణిగారు. పారీ బండ కథ చెప్పాడు, గ్విలిమ్ వంతెన కథ చెప్పాడు. మేస్త్రీ ఏమయ్యాడో విని కైన్వెన్, "ఇంతేనా! దీనికోసమా ఇన్నేళ్ళు తలుపులు మూశారు?" అంది పైకే. హాలంతా నవ్వింది.

అప్పుడు అన్నెస్ట్ లేచింది. ఊరు సద్దుమణిగింది. గొంతు విన్న మొదటి మాటకే వెనక వరసల్లో ముసలివాళ్ళు కదిలి కూర్చున్నారు. వాళ్ళకీ తెలిసింది ఎవరి పోలికో. మోర్విద్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. మాట మాటా తనకి అందుతోంది, మధ్యలో ఏ చెక్కా లేదు. నీళ్ళు గడప దాటాయి. మంచం కోళ్ళ దాకా వచ్చాయి. అన్నెస్ట్ ఆగింది. ఆయన ఆగే చోటే.

"...మూత మరిచిన పరాయిపిల్లని నీళ్ళు మొట్టమొదట పట్టుకున్నాయి. ఈ ఇంటి నీళ్ళకి ఈ ఇంటి చెయ్యి తెలుసు, పరాయి చెయ్యీ తెలుసు. ఇప్పటికీ గాలి లేని సాయంత్రం సరస్సు అడుగు నుంచి ఆమె ఏడుపు..."

"అది కాదు," అన్నాడు గ్విలిమ్.

అన్నెస్ట్ మాట మధ్యలో అతని వైపు తిరిగింది. ఎవరూ ఎవరి కథకీ అడ్డు రాని ఊరది. గ్విలిమ్ తనే హడలిపోయినట్టు అటూ ఇటూ చూశాడు. కానీ ముందు వరసలో పిల్లలు కూడా తలలూపుతున్నారు. "అది కాదు, అది కాదు. మూత తీసింది మొగుడు!"

"ఏ మొగుడు?" అంది అన్నెస్ట్. "మా నాన్న చెప్పిన కథ ఇది."

"మీ నాన్నది అంతే," అన్నాడు పారీ, బల్ల వంక చూస్తూ. "మీ అన్నయ్యది వేరు. మోర్విద్ ఈ ఊరొచ్చిన మరుసటేటి నుంచీ మార్చేశాడు. ఇంటివాడు మారిస్తే మనమేం అంటాం, ఊరుకున్నాం. ఆమెకి తెలుసుగా, ఆమెనే అడుగు."

అందరూ మోర్విద్ వైపు తిరిగారు.

"నాకు తెలీదు," అంది మోర్విద్. "నేనెప్పుడూ వినలేదు. నేను వంటగదిలో ఉండేదాన్ని."

పారీ తల ఎత్తాడు. మొన్న బార్లీ తూస్తూ అడిగిన బావి మూత మాట ఆయనకి గుర్తొచ్చి ఉండాలి. చెవుల దాకా ఎరుపెక్కాడు. ప్రతి ఏడూ ఈ హాల్లో కూర్చుని ఆ కథ విని, మర్నాడు పొద్దున కొట్లో మళ్ళీ ఆ మాటే అడిగిన మనిషి.

"గ్విలిమ్, నువ్వు చెప్పు," అంది మోర్విద్. "సిగ్గుపడితే ఊరుకోను. అన్నెస్ట్ వినాలి."

గ్విలిమ్ లేచి నిలబడి టోపీ తిప్పుతూ చెప్పాడు, పాఠం అప్పజెప్పినట్టు. తప్పిన చోట పిల్లలు అందించారు. మూత మరిచింది కోడలు కాదు. తెల్లవారుజామున దాహమేసి మొగుడు లేచాడు, తాగాడు, మూత పెట్టలేదు. పొద్దున అందరూ కోడల్ని అంటుంటే నోరెత్తలేదు. ఆమె ఏమీ అనకుండా కొండ దాటి పుట్టింటికి పోయింది.

"ఆగు," అంది అన్నెస్ట్. "ఆఖర్న వాడేం చెప్పేవాడో నా చెవిలో చెప్పు, చాలు. నేను మళ్ళీ చెబుతాను."

గ్విలిమ్ ఆమె దగ్గరికి పోయి చెవిలో ఆఖరంతా చెప్పాడు. ఆమె వింటూ మోర్విద్ వైపే చూసింది. తర్వాత ఎడమచెయ్యి నడుం మీద పెట్టింది.

"ఆమె పోయాక," అంది, గొంతు దించి, "అతనికి కాళ్ళు కదల్లేదు. వెళ్ళి రమ్మనడానికి మొహం లేదు. అందుకని ప్రతి సాయంత్రం బావి దగ్గరికి పోయి, తన చేత్తో మూత తీసేవాడు. నీళ్ళు పొర్లనీ అని. ఇల్లు మునిగితే మునగనీ అని. నేను పోలేను, నువ్వు పో అని నీళ్ళతో చెప్పేవాడు. నీళ్ళు పొలం ఎక్కాయి, గోడ ఎక్కాయి, కొండ భుజం ఎక్కాయి. ఇప్పటికీ సరస్సు ఇవతలి ఒడ్డు అతనిది. అవతలి ఒడ్డు ఆమె ఊరిది. గాలి లేని సాయంత్రం వినిపించే చప్పుడు ఏడుపు కాదు. అవతలి గట్టుని నీళ్ళు తడుతున్న చప్పుడు."

చప్పట్లు లేచాయి. ఎవరో టీ ఏదీ అన్నారు, ఎవరో ఉష్ అన్నారు. కైన్వెన్ ముక్కు చీదుకుంటోంది. మోర్విద్ కదల్లేదు. తను కాపురానికొచ్చిన మరుసటేటి నుంచి, ప్రతి మార్చిలోనూ, ఊరందరి ముందూ ఆయన చెప్పింది ఇదీ.

అన్నెస్ట్ వచ్చి పక్కన కూలబడింది. మోర్విద్ ఆమె చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది.

"తర్వాత?" అంది మోర్విద్.

"తర్వాతేంటి వదినా? అయిపోయింది."

"పుట్టింటికి పోయిన ఆమె బయటికొచ్చి ఆ నీళ్ళని చూసిందా, లేదా?"

అన్నెస్ట్ గ్విలిమ్ వైపు చూసింది. గ్విలిమ్ పిల్లల వైపు చూశాడు. పిల్లలు తలలు అడ్డంగా ఊపారు.

"అది వాడెప్పుడూ చెప్పలేదట వదినా."

"ఆయనకి తెలీదు," అంది మోర్విద్. లేచి నిలబడింది. ముందు వరసలో పిల్లలు మెడలు తిప్పి చూస్తున్నారు. "అవతలి ఒడ్డున ఆమె ఇల్లు ఊరి చివర ఉండేది. ఆ రోజు సాయంత్రం బట్టలు తీయడానికి బయటికొచ్చింది..."